గెడ్డ పక్క బాట, కొండవాలు కంప: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా కాలనీ వెనక కొండలోయలో గెడ్డ (వాగు) పక్కనే కాలిబాట ఉంది. ఆదివారాలు పదిమందిమి కలిసి దాన్ని చూసుకుంటున్నాం. నిరుడు నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్ పోయిస్తే, రెండు గట్టి వానలకే కొట్టుకుపోయి బాట కాలవలా తయారైంది. సిమెంటు మెట్లు కట్టించేద్దామని కొందరంటున్నారు. మీ సలహా ఏమిటి?
(మధురవాడ, విశాఖపట్నం)

జవాబు: నీళ్లు బయటికి పోయే దారి చూడకుండా గ్రావెల్ పోయడం వల్ల వచ్చిన తిప్పలివి. నడిచేకొద్దీ బాట నడుమ అణిగిపోతుంది. గెడ్డ వైపు అంచున ఆకులు, మట్టి పేరుకుని చిన్న గట్టు కడుతుంది. వాలు మీంచి దిగిన వాన నీరు ఆ గట్టు దాటలేక బాట వెంబడే పరుగెడుతుంది. ముందు సన్నమట్టి పోతుంది, దాని వెనకే గ్రావెల్. సిమెంటు మెట్లు కట్టినా ఆ నీరే మెట్ల పక్కన కోసి, అడుగునుంచి మట్టి లాగేస్తుంది. ఆ డబ్బు దండగ చేసుకోకండి.

మొదట పారతో ఆ బయటి గట్టును చెక్కెయ్యండి. తరవాత బాటను గెడ్డ వైపు కొద్దిగా వాలుగా దిద్దండి. మీటరు వెడల్పుకు 4, 5 సెంటీమీటర్ల దిగుడు చాలు. మీటరు పొడవున్న బద్ద ఒక కొసను కొండవైపు అంచుకు ఆనించి, మేస్త్రి వాడే రసమట్టం పైన పెట్టి సమం చేస్తే, రెండో కొస కింద ఆ 4, 5 సెంటీమీటర్ల సందు కనపడాలి. అంతకు బాగా మించితే తడిలో కాలు జారుతుంది.

బాట నిటారుగా ఎక్కే చోట ఇది ఒక్కటే సరిపోదు. అక్కడ నీటిని బాట పక్కకు మళ్లించేలా రాళ్లతో అడ్డుకట్టు వెయ్యాలి. బాటకు సరిగ్గా అడ్డంగా వేస్తే ఒండ్రు నిండి ఒక్క వానకే పూడిపోతుంది. 45 డిగ్రీలు ఏటవాలుగా వేస్తే నీరే దాన్ని కడుక్కుంటూ పోతుంది. రాయి మూడింట రెండు వంతులు భూమిలో ఉండాలి. రాళ్ల మధ్య సందు ఉండకూడదు. కొండవైపు కొసను గట్టులోకి ఒక అడుగు మేర దూర్చండి, లేకపోతే నీరు వెనకనుంచి చుట్టి వస్తుంది. దిగువ కొస దగ్గర నీళ్లు గడ్డి మీదకో బండ మీదకో పడాలి. వట్టి మట్టి మీద పడితే అక్కడ కొత్త కోత మొదలవుతుంది. నిటారు చోట 10 మీటర్లకొకటి, మామూలు ఎక్కుడులో 20 మీటర్లకొకటి వేసి చూడండి. ఆ తరవాత జోరువానలో గొడుగేసుకుని ఒకసారి నడవండి. నీళ్లు ఎక్కడ బాటలోకి దిగుతున్నాయో, ఎక్కడ వదిలిపోతున్నాయో కళ్లారా చూస్తే ఏ లెక్కా అక్కర్లేదు.

ఇవన్నీ చేసినా ఏటా ఒకే ముక్క కోసుకుపోతుంటే బాట గీతే తప్పు. బాట ఎక్కుడు కొండవాలులో సగానికి మించకూడదు. వాలు నూటికి 30 ఉంటే, అంటే నూరు మీటర్ల దూరానికి 30 మీటర్ల ఎత్తు లేస్తుంటే, బాట 15 లోపే ఉండాలి. మించితే నీరు బాట దాటి పోదు, బాటనే పట్టుకుంటుంది. ఆ ముక్కను వదిలేసి పక్కగా మెలిక తిప్పండి. గ్రావెల్ సంగతి చివర్న చూసుకోవచ్చు.

ప్రశ్న: లోయంతా లాంటానా కమ్మేసింది. మోకాలెత్తున నరికేశాం. ఏడాది తిరిగేసరికి ముందుకన్నా దట్టంగా లేచింది. మందు కొట్టమంటారా?
(భీమిలి)

జవాబు: గెడ్డ పక్కన మందు మాట వద్దు, అది నీళ్లలో కలుస్తుంది. తలంబ్రాల కంప, పులికంప అని పిలిచే ఈ లాంటానాకు చిగుళ్లు పుట్టే చోటు కాండం, వేరు కలిసే మొదట్లో ఉంటుంది. పైన నరికితే ఒక కొమ్మ పోయి పది కొమ్మలొస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతి దీనికి సరైనది. నేలకు 3 నుంచి 5 సెంటీమీటర్ల లోపల తల్లివేరును నరికి, పొదను ఎత్తి తలకిందులుగా పెట్టాలి.

ఒక వాన పడి నేల మెత్తబడ్డాక ఇద్దరిద్దరు జతగా దిగండి. ఒకరు పొదను పక్కకు వంచి పట్టుకుంటే, మరొకరు మొదట్లో మట్టి తీసి పలుగుతో వేరు కొట్టాలి. తీసిన పొద వేళ్లు ఆకాశం వైపు ఉండాలి. తడినేలకు ఆనిన కాండం మళ్లీ వేరు తొడుగుతుంది. పండిన నల్లకాయలుంటే ముందుగా గోనెసంచిలోకి కోసెయ్యండి. ఎండిన కంపను చెట్ల మొదళ్ల దగ్గర కుప్ప వెయ్యకండి, వేసవిలో నిప్పు అక్కణ్ణుంచే చెట్టెక్కుతుంది.

అసలు పని మరుసటి ఏడాది. పిగిలిపిట్టలు ఈ కాయలు తిని, వాలిన చెట్ల కింద గింజలు వదులుతాయి. వానలు పడ్డాక ఆ చెట్ల నీడన, నీటి పాయల వెంట వెతకండి. వేలెడంత మొలక చేత్తో పీకితే వస్తుంది. రెండు మూడేళ్లు ఇలా తిరగాలి. అందుకే ఎకరం సగం సగం చెయ్యడంకన్నా పది సెంట్లు పూర్తిగా చెయ్యడం మేలు. ఎగువనుంచి మొదలుపెట్టండి, గింజలు నీళ్లతో కిందికే వస్తాయి. నిటారు గట్టు మీద మాత్రం ఒక్కసారే అంతా పీకకండి, ఈ కంపే అక్కడ మట్టిని పట్టుకుని ఉంటుంది. అక్కడ ఖాళీ చేసినంత మేర వెంటనే గడ్డి వెయ్యండి. గెడ్డ ఒడ్డున ఏరుమద్ది, కానుగ, నేరేడు బాగా నిలుస్తాయి.

ప్రశ్న: తుపానుకు పడిన చెట్లను తీయించాలా?
(సింహాచలం)

జవాబు: బాటకు అడ్డొచ్చిన మీటరున్నర ముక్క తప్ప మిగతాది అక్కడే ఉంచండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కొండల మీద ఎన్ని చెట్లు కూలాయో మీకు తెలుసు. కుళ్లే మాను కింద తేమ నిలుస్తుంది, మొలకలు అక్కడే తేరుకుంటాయి. వంగి బిగిసి ఉన్న మానును మీరు కొయ్యకండి. కోత పడగానే విల్లులా తన్నుతుంది. అనుభవం ఉన్నవాళ్లకే ఆ పని వదలండి.

ప్రశ్న: మేం నడిచే చోటు కంబాలకొండ హద్దులోకి వస్తుంది. సేవే కదా, అనుమతి కావాలా?
(విశాఖపట్నం)

జవాబు: కావాలి. అది అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా అక్కడ చెట్టూచేమా తొలగించకూడదు, నీటి పారుదలను మళ్లించకూడదు, ఆపకూడదు. అంటే మీరు గెడ్డలో పేర్చే నాలుగు రాళ్లు కూడా దీని కిందికే వస్తాయి. అటవీ రేంజి కార్యాలయానికి అర్జీ పెట్టండి. ఏ ముక్క, ఏ పని, ఏ నెలలు, ఎంతమంది, ఏ పనిముట్లు అన్నది ఒక్క కాగితం మీద, చేత్తో గీసిన పటంతో సహా రాసివ్వండి. రోజు మొదట్లో పనిముట్లు, సాయంత్రం మళ్లీ అవే లెక్కపెట్టుకోండి. గడ్డిలో వదిలేసిన కొడవలి తరవాతి ఆదివారం ఎవరి పాదంలోనో దిగుతుంది.