కీళ్లు మరీ సాగే పిల్లలకు ఏం చేయాలి?

కావలి నుంచి ఒక అమ్మ అడిగారు: ఏడేళ్ల పాప వేళ్లను వెనక్కి వంచేస్తోంది, రాత్రిళ్లు కాళ్లు నొప్పులని ఏడుస్తోంది, ఏం చేయాలని.

ముందు కంగారు మానండమ్మా. చిన్నపిల్లల కీళ్లు సాగడం మామూలే, ఎదిగేకొద్దీ చాలామందికి బిగుస్తాయి. కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు వదులుగా ఉంటే ఆ పనంతా కండరాలే చేయాలి. అందుకే బాగా ఆడిన రోజు రాత్రి నొప్పి. అది బడి ఎగ్గొట్టే సాకు కాదు, దయచేసి తిట్టకండి.

ఆటలు మాన్పించడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. కండ బలపడాలి: ఈత, సైకిలు, రోజూ నడక. నిలబడేటప్పుడు మోకాళ్లు వెనక్కి తన్నకుండా కాస్త సడలించి నిలబడడం అలవాటు చేయండి. మడమను పట్టి ఉంచే బూట్లు కొనండి, హవాయి చెప్పులు వద్దు. రాసేటప్పుడు వేళ్లు నొప్పంటే లావుపాటి పెన్సిల్ ఇచ్చి, మధ్యలో చేతికి విశ్రాంతి ఇవ్వమని టీచరుగారికి చెప్పండి. ఇంటికొచ్చిన చుట్టాలు "ఏదీ, బొటనవేలు మణికట్టుకు తాకించు" అని ముచ్చటపడతారు. ఆ విద్యలు మాత్రం మాన్పించాలి.

నొప్పి తరచూ వస్తుంటే నెల్లూరులోనో ఒంగోలులోనో పిల్లల డాక్టరుకు, ఫిజియోథెరపిస్టుకు చూపించండి. కీళ్లు ఎంత సాగుతున్నాయో 9 పాయింట్ల బైటన్ స్కోరుతో కొలుస్తారు. ఈ వయసులో 6 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఎక్కువ సాగుతున్నట్టు లెక్క. కీలు వాచినా, పొద్దున్నే బిగుసుకున్నా, తరచూ జారినా, చర్మం బాగా సాగుతున్నా, ఊరికే కమిలిపోతున్నా ఆలస్యం చేయొద్దు.