‘సెలెక్ట్ గ్రేడ్’ ఓక్ అని ముడుల పలకలు వేశారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఇల్లు కట్టుకున్నాం. హైదరాబాద్‌లో ఒక షోరూమ్ నుంచి రూ.4.20 లక్షలకు ఓక్ చెక్క ఫ్లోరింగ్ తెప్పించాం. ఎస్టిమేట్‌లో ‘సెలెక్ట్ గ్రేడ్’ అని ఉంది, బిల్లులో ‘ఓక్’ అనే ఉంది. వాళ్ల మనుషులే మూడు రోజుల్లో బిగించి వెళ్లారు. తర్వాత చూస్తే ఎటు చూసినా నల్లటి ముడులు, రంగు తేడాలు. నాసిరకం చెక్క అంటగట్టారు. మా ఆవిడ ఆ హాల్లో కూర్చోవడమే మానేసింది. మారుస్తామంటూ 20 నెలలుగా తిప్పుతున్నారు. అంతా పీకించి టైల్స్ వేయించి, ఖర్చు వాళ్ల దగ్గర రాబట్టమని మా బావమరిది అంటున్నాడు. షోరూమ్‌లో ఇచ్చిన శాంపిల్ ముక్క ఒకటి అటక మీద ఉంది.

జవాబు: మీ కేసంతా ఆ అటక మీది ముక్కలోనే ఉంది. ఈరోజే దించండి. వెనక స్టిక్కర్ ఉంటే చెరగకుండా కవర్లో పెట్టి, ఎస్టిమేట్‌తో కలిపి బీరువాలో దాచండి.

ఫిర్యాదులో ‘నాసిరకం చెక్క’ అని మాత్రం రాయకండి. ఓక్‌లో గ్రేడు అనేది పలక కంటికి ఎలా కనిపిస్తుందో చెబుతుంది, గట్టిదనాన్ని కాదు. అమెరికా పద్ధతిలో క్లియర్, సెలెక్ట్, నంబర్ 1 కామన్, నంబర్ 2 కామన్ అని వరస. సెలెక్ట్‌లోనూ చిన్న ముడులు, కొంత రంగు తేడా ఉండొచ్చు. కామన్‌కి దిగేకొద్దీ అవి పెరుగుతాయి. యూరప్ సరుకుకు ప్రైమ్, నేచర్, రస్టిక్ లాంటి పేర్లుంటాయి, కంపెనీకో కొలత. ముడులున్న పలకైనా అన్నేళ్లూ మన్నుతుంది. నిపుణుడు వచ్చి ‘చెక్క బాగానే ఉంది’ అని రాసిస్తే ‘నాసిరకం’ వాదన అక్కడితో ఆగిపోతుంది.

మీరు అనాల్సింది ఒక్కటే: చెప్పిన గ్రేడుకు, చూపిన శాంపిల్‌కు సరుకు సరిపోలలేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం రెండింటికీ సరిపోలాలి. 2019 వినియోగదారుల చట్టంలోనూ అమ్మినవాడు చెప్పుకున్న ప్రమాణం తగ్గితే అది లోపమే.

ఇంత డబ్బు పోసి ఒక్క పెట్టె విప్పి చూసుకోలేదా? నాలుగు పెట్టెల పలకలు నేల మీద పరిచి శాంపిల్ పక్కన పెట్టుకుంటే పది నిమిషాల్లో తేలేది. మీ ఎదుటే బిగించనిచ్చారు కాబట్టి సరుకు మొత్తం వెనక్కి పంపే హక్కు బలహీనపడింది. గ్రేడుల మధ్య ధర తేడాను, నష్టపరిహారాన్ని ప్రధానంగా అడగండి.

మీ బావమరిది మాట విని ఒక్క పలక కూడా పీకించకండి. బిగించి ఉన్న ఆ నేలే మీ సాక్ష్యం. పీకేశాక గుట్టలో ఉన్నవి తమ పలకలు కావని వాళ్లు అంటే మీరేం చూపిస్తారు?

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. ‘మారుస్తాం’ అన్న నోటిమాటలతో అది పెరగదు. మీకు మిగిలింది మహా అయితే నాలుగు నెలలు. ఆలస్యాన్ని కమిషన్ మన్నించవచ్చు గానీ దానికి తగిన కారణం చూపాలి, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఈ వారంలోనే, అందినట్టు రుజువు వచ్చేలా రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో లాయర్ నోటీసు పంపండి, 15 రోజులు గడువివ్వండి. ప్రతి గదినీ తారీఖు పడేలా, శాంపిల్ పక్కన పెట్టి ఫొటోలు తీయండి. షోరూమ్ వాళ్లతో వాట్సాప్ సంభాషణ ఉంటే ఆ ఫోన్‌ను మార్చకండి, చాట్ చెరపకండి. జవాబు రాకపోతే హైదరాబాద్ దాకా వెళ్లక్కర్లేదు, మీరుండే ప్రాంతపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. మీరు కట్టిన ధర రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఫిర్యాదుతోపాటే, ఇంటికొచ్చి నేలను పరిశీలించేందుకు నిపుణుణ్ని నియమించమని పిటిషన్ పెట్టండి. ఆయన వచ్చిన రోజు ఆ శాంపిల్ ముక్క ఆయన చేతికివ్వండి.