అరకు కాఫీకి కాఫీ బోర్డు ఏం చేస్తుంది, మీరేం చేసుకోవాలి

పాడేరు దగ్గర మీ రైతు సంఘంలో రెండు టన్నుల అరబికా రకం పార్చ్‌మెంట్ (పండు తోలు తీసి కడిగి ఎండబెట్టిన, పైపొట్టు ఇంకా ఉన్న కాఫీ గింజ) ఉందన్నారు. బెంగుళూరులో కాఫీ బోర్డుకి నమూనా పంపితే వాళ్లే ప్రచారం చేసి కొనేవాళ్లను చూపిస్తారా అని మీ ప్రశ్న. ప్రచారం చేస్తారు, కాకపోతే మీ గోతాలకి కాదు, మీ ప్రాంతం పేరుకి.

1942 కాఫీ చట్టం కింద ఒకప్పుడు పంటంతా బోర్డు పూల్‌కే (ఉమ్మడి రాశికే) పోయాల్సి వచ్చేది, అమ్మకం కూడా వాళ్లదే. 1990ల్లో ఆ పట్టు సడలుతూ వచ్చి 1996లో పూర్తిగా పోయింది. అంబేద్కర్ వీధిలో ఆఫీసు అక్కడే ఉంది గానీ ఇప్పుడు బోర్డు కాఫీ కొనదు. అరకుతో కలిపి 13 ప్రాంతాలకు లోగోలు తయారుచేసింది, విదేశీ ప్రదర్శనల్లో స్టాళ్లు పెడుతుంది, 2002లో మొదలైన ఫైన్ కప్ రుచి పోటీ నడుపుతుంది. 2019లో అయిదు ప్రాంతాల కాఫీలకు జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. అందులో అరకు వ్యాలీ అరబికా ఒకటి. విశాఖ మన్యం, ఒడిశా వైపు కొండల్లో 900 నుంచి 1100 మీటర్ల ఎత్తున పండిందే ఆ పేరుకి తగుతుంది. తోట అక్కడ ఉన్నంత మాత్రాన ప్యాకెట్ మీద జీఐ గుర్తు వేసుకోకూడదు. చెన్నై గిండీలోని జీఐ రిజిస్ట్రీలో జీఐ-3 ఫారంతో అధీకృత వాడుకదారుగా నమోదు కావాలి. సంఘాలు మరిచిపోయేది సరిగ్గా ఇదే.

జీఐ చెప్పేది కాఫీ పుట్టిన చోటు. రుచి సంగతి కప్పింగ్‌లో, అంటే కాఫీ కలిపి రుచి చూసి మార్కులు వేయడంలో, తేలుతుంది. బోర్డు నాణ్యతా విభాగానికి ఫీజు కట్టి నమూనా ఇచ్చి, వచ్చిన రిపోర్టును రోస్టర్‌కి (గింజ కొని వేయించి అమ్మేవాడికి) చూపించడం, బోర్డు వల్ల మీకు నేరుగా ఒరిగే అసలు లాభం అదేనని నా అభిప్రాయం. నమూనా వరకు పొట్టు తీసిన పచ్చి గింజ సిద్ధం చేసుకోండి. స్పెషాలిటీ (మేలురకం కాఫీ) పద్ధతిలో గింజ వేయించిన 8 నుంచి 24 గంటల్లోపు రుచి చూస్తారు. 150 మిల్లీలీటర్ల నీళ్లకు 8.25 గ్రాముల పొడి, నీళ్లు 93 డిగ్రీల వేడి. నాలుగు నిమిషాలయ్యాక పైకి తేలిన పొరను చెంచాతో విరిచి వాసన చూస్తారు. ఒకే నమూనాకు అయిదు కప్పులు పెడతారు, ఎందుకంటే కుళ్లిన గింజ ఒక్కటి పడితే ఆ ఒక్క కప్పే కంపుకొడుతుంది, మార్కులు అక్కడ పోతాయి. వందకి 80, ఆపైన వస్తే స్పెషాలిటీ కింద లెక్క.

తప్పులన్నీ బెంగుళూరు చేరకముందే, కళ్లంలోనే జరుగుతాయి. ఎర్రగా పండినవే కోసి అదే రోజు పల్పర్‌లో (పండు తోలు తీసే మిషన్‌లో) వేయకపోతే కుప్పలోనే పులుపు మొదలవుతుంది. జిగురు పోయేదాకా పులియబెట్టి వెంటనే కడగాలి. చలికి ఆలస్యమవుతుందిలే అని గింజ చూడకుండా గడియారాన్నే నమ్మి వదిలేస్తే అతిగా పులిసిపోతుంది. గుప్పిట్లో నలిపితే గింజ గరగరలాడాలి, అదే గుర్తు. ఎండాక తేమ 10 శాతం దగ్గర ఉండాలి. 12 దాటితే వానాకాలంలో బూజు వాసన ఖాయం. మీ వైపు ఇంకో చిక్కుంది. కాఫీ నీడచెట్లకే మిరియం తీగ పాకిస్తారు, రెండూ ఒకే టార్పాలిన్ మీద ఆరబెడతారు. కాఫీ వాసన ఇట్టే పట్టేస్తుంది. మిరియాలకి, పసుపుకి వేరే టార్పాలిన్లు పెట్టుకోండి. గోతాలు చెక్కల మీద, గోడకి ఎడంగా పేర్చండి. బేరం కుదిరేదాకా పార్చ్‌మెంట్ పొట్టు తీయించకండి, గింజకి అదే రక్షణ.

నమూనా తీసేటప్పుడు ఏరిన గింజలు పంపకండి. ప్రతి గోతంలోనూ ఇనప గొట్టం గుచ్చి కొంచెం కొంచెం తీసి కలిపి, దాన్నే మూడు భాగాలు చెయ్యండి: ఒకటి బోర్డుకి, ఒకటి కొనేవాళ్లకి, ఒకటి సీలు వేసి మీ దగ్గర. సరుకు దిగాక నమూనాలా లేదని పేచీ వస్తే ఆ మూడోదే సాక్ష్యం. పండునే ఎండబెట్టిన చెర్రీ గోతం ఒక్కటి ఈ లాట్‌లో కలిసినా మొత్తం తిప్పి పంపిస్తారు.

ఇక ఎవరికి అమ్మాలి? బెంగుళూరులో మల్లేశ్వరం, గాంధీబజార్ వైపు పొడి కొట్లు కాఫీని చికోరీ వేరు పొడితో కలిపి అమ్ముతాయి. చికోరీ 49 శాతం దాకా చట్టం ఒప్పుకుంటుంది. ఆ మిశ్రమంలో అరకు పేరు కరిగిపోతుంది, పేరుకి రేటు రాదు. ఇందిరానగర్ లాంటి చోట ప్యాకెట్ మీద ఊరి పేరు అచ్చువేసే రోస్టర్లనే వెతకండి. ఎగుమతి ఆలోచన ఇప్పటికి మానండి. బోర్డులో ఎగుమతిదారుగా నమోదు, ప్రతి సరుకుకీ పర్మిట్ కావాలి. పైగా 20 అడుగుల కంటైనర్‌లో 18 టన్నులకు పైగా పడుతుంది. మీ రెండు టన్నుల పార్చ్‌మెంట్‌కి పొట్టు పోగా మిగిలేది సుమారు 1600 కిలోలు.

రేటు పోల్చేటప్పుడు జాగ్రత్త. జీసీసీ (గిరిజన సహకార సంస్థ) కిలో పార్చ్‌మెంట్‌కి చెబుతుంది, బెంగుళూరు రోస్టర్ కిలో గింజకి చెబుతాడు. అతను 500 అంటే మీ పార్చ్‌మెంట్ లెక్కలో 400. అందులోంచి పొట్టు తీయించిన కూలి, గోతాలు, లారీ కిరాయి తీసేసి, మిగిలింది జీసీసీ రేటు పక్కన పెట్టి చూడండి.