బొటనవేలి నొప్పి... ఈ-రీడర్ కవరు

ప్రశ్న: నా వయసు 61. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. మా అమ్మాయి కొనిచ్చిన కిండిల్ పేపర్‌వైట్ ఈ-రీడర్‌లో (2021 మోడల్, 6.8 అంగుళాలు) రోజూ మూడు నాలుగు గంటలు చదువుతాను. రెండు నెలలుగా కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన ఒకటే నొప్పి. పడుకుని చదివితే చిటికెన వేలు తిమ్మిరెక్కుతోంది. పాత కవరు చిరిగింది. ఎలాంటిది కొనమంటారు? మావారు కూడా ఇందులోనే చదువుతారు. ఆయనకు పేస్‌మేకర్ ఉంది.
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీరు చివర రాసిన మాటతోనే మొదలుపెడతాను. తెరవగానే ఆన్ అయ్యి, మూయగానే ఆఫ్ అయ్యే కవర్ల అట్టలో చిన్న అయస్కాంతం ఉంటుంది. మూత అతుక్కుని ఉండటానికి కొన్నింటిలో మరో రెండు మూడు పెడతారు. అయస్కాంతం మరీ దగ్గరికి వస్తే పేస్‌మేకర్ గుండె సొంత లయను పట్టించుకోకుండా ఒకే వేగంతో కొట్టడం మొదలుపెట్టవచ్చు. దూరం జరిపితే మామూలైపోతుంది. అయినా జాగ్రత్త అవసరమే. అలాంటి కవరును పేస్‌మేకర్ ఉన్న చోటికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. చొక్కా జేబులో పెట్టుకోవడం, చదువుతూ ఛాతీ మీద బోర్లించి కునుకు తీయడం, ఈ రెండూ మానమనండి.

ఇక మీ వేలి సంగతి. బొటనవేలిని పక్కకు చాపే రెండు టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి) మణికట్టు దగ్గర ఒక ఇరుకైన గొట్టంలోంచి వెళతాయి. ఆ గొట్టం వాచి మందమెక్కితే, వేలు కదిపినప్పుడల్లా ఒరుసుకుంటాయి. దీన్ని డీ క్వెర్వెయిన్ సమస్య అంటాం. షుగర్ ఉన్నవారిలో ఇలాంటి టెండన్ ఇబ్బందులు ఎక్కువ. బొటనవేలిని లోపలికి మడిచి, దాని మీద పిడికిలి బిగించి, మణికట్టును మెల్లగా చిటికెన వేలి వైపు వంచి చూడండి. బొటనవేలి వైపు చురుక్కుమంటే చాలావరకు ఇదే.

మీ రీడర్ బరువు 205 గ్రాములే. అంత తేలికైన వస్తువు నొప్పి ఎందుకు తెస్తుందంటే, కిందిమూల పట్టుకుంటాం కాబట్టి. బరువంతా మధ్యలో, వేలికి దూరంగా ఉండటంతో అది పడిపోకుండా బొటనవేలు గంటల తరబడి నొక్కి పట్టాల్సి వస్తుంది. పుస్తకంలా తెరుచుకునే కవరు దీనికి మరో వంద గ్రాములకు పైనే కలుపుతుంది. పైగా మూతను వెనక్కి మడిస్తే మందం పెరిగి, వేలు ఇంకా వెడల్పుగా సాగాలి. వెనక స్టాండులా మడతలు పడేవైతే మరీ మందం.

అందుకని మీకు నేను చెప్పేది, వెనక వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ ఉన్న పలుచని కవరు. నాలుగు వేళ్లు కణుపుల దాకా పట్టీలో దూరిపోవాలి, బొటనవేలికి పని ఉండకూడదు. పట్టీ తీశాక చర్మం మీద గాటు కనిపిస్తే అది బిగుతు. షుగర్ ఉన్న చేతికి అది పనికిరాదు. వీటిలో ముందు మూత లేనివే తీసుకుంటే అయస్కాంతం గొడవ కూడా ఉండదు. స్క్రీన్ ఆపడానికి బటన్ నొక్కుకోవడమే. మరిచిపోయినా కాసేపటికి దానంతటదే ఆగుతుంది. ఊరెళ్లేటప్పుడు మాత్రం గట్టి అట్ట ఉన్న పౌచ్‌లో పెట్టండి. మీ రీడర్‌కున్న ఈ-ఇంక్ (కాగితంలా కనిపించే) తెర లోపల పలుచని గాజు పొర ఉంటుంది. సంచిలో తాళాల గుత్తో, టిఫిన్ డబ్బానో నొక్కితే పైకి గీత కూడా పడకుండా లోపల పగులుతుంది.

6 అంగుళాల 2018 మోడల్‌కు, 7 అంగుళాల 2024 మోడల్‌కు చేసిన కవర్లు మీదానికి పట్టవు. మీదాని కొలత సుమారు 17.4 × 12.5 సెంటీమీటర్లు. తోలులా కనిపించే రెగ్జిన్ రకాలు మీ సముద్రపు తేమకు పొరలు లేస్తాయి. గుడ్డ లేదా మెత్తని సిలికాన్ మేలు.

చిటికెన వేలి తిమ్మిరికి కారణం మణికట్టు కాదు, మోచేయి. వెల్లకిలా పడుకుని రీడర్‌ను పైకెత్తి పట్టుకుంటే మోచేయి బాగా మడతపడి, దాని వెనకగా వెళ్లే నరం సాగి నొక్కుకుపోతుంది. కూర్చుని, ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీద రీడర్ ఆనించండి. ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చూపుడు వేలితో పేజీని తాకండి చాలు, బొటనవేలితో జరపొద్దు. 20 నిమిషాలకోసారి చేయి మార్చి, 6 మీటర్ల అవతలకి కాసేపు చూడండి. ఫ్యాన్ గాలి నేరుగా కళ్లకు తగలకుండా కూర్చోండి.

అక్షరాలు చిన్నవైతే రీడర్‌ను ముఖం దగ్గరికి తెచ్చుకుంటాం, మోచేయి మళ్లీ మడతపడుతుంది. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లలో అక్షరం సైజు పెంచే వీలుండదు. తెరను అడ్డంగా తిప్పి చదవండి. చత్వారం అద్దాలు 40 సెంటీమీటర్ల దూరానికి సరిపోతున్నాయో లేదో కూడా చూపించుకోండి.

నొప్పికి మందుల షాపులో థంబ్ స్పైకా స్ప్లింట్ (బొటనవేలిని, మణికట్టును కదలకుండా పట్టి ఉంచే పట్టీ) అడగండి. మామూలు మణికట్టు పట్టీ బొటనవేలిని ఆపదు. మూడు నాలుగు వారాలు వాడండి. గుడ్డలో చుట్టిన ఐసు రోజుకు రెండు మూడుసార్లు, పది నిమిషాల చొప్పున పెట్టండి. షుగర్ ఉంది కాబట్టి కిడ్నీ పరీక్ష చూసుకోకుండా నొప్పి మాత్రలు మింగొద్దు. అప్పటికీ తగ్గకపోతే ఆర్థోపెడిక్ డాక్టర్ స్టెరాయిడ్ ఇంజెక్షన్ సూచించవచ్చు. చాలామందికి దానితో ఉపశమనం దొరుకుతుంది, కానీ కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. ఆ వారం రోజూ పరీక్షించుకోండి. తిమ్మిరి వదలకుండా ఉన్నా, చేతిలోంచి గ్లాసులు జారిపోతున్నా నాలుగు వారాలు ఆగొద్దు, వెంటనే చూపించుకోండి.