ముందు ‘ఎందుకు’ తేల్చుకో, ప్రశ్నావళి తర్వాత

బిడ్డా,

నీ థీసిస్ సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) చదివాను. వరంగల్ కొత్తవాడ చేనేత సంఘాల మీద పని చేస్తానన్నావు, సంతోషం. కానీ సమస్యేమిటో ఒక్క పేరాలో ముగించి, ప్రశ్నావళి, ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్, రిగ్రెషన్ లెక్కలు అంటూ పేజీలు నింపావు. పిల్లను చూడకముందే ఫంక్షన్ హాల్ బుక్ చేసినట్టుంది.

నింపించి పంపిన ఫారాలూ చూశాను. ఒకదాంట్లో టిక్కులన్నీ ‘అంగీకరిస్తాను’ గడిలోనే ఉన్నాయి. ‘మజూరి ఆలస్యమవుతోంది’ అన్నదానికీ అదే, ‘మజూరి సమయానికి అందుతోంది’ అన్నదానికీ అదే! మగ్గం ఆపి కూర్చున్న మనిషి నిన్ను తొందరగా పంపించేశాడంతే. ఆ అంకెలతో ఏ టెస్టు చేసి ఏం లాభం?

సంఘంలో సభ్యత్వం ఉండి కూడా కొందరు మాస్టర్ వీవర్ (నూలిచ్చి మజూరికి నేయించుకునే వ్యాపారి) దగ్గరే నూలు ఎందుకు తెచ్చుకుంటున్నారు? పాత అప్పా, నమ్మకమా, సంఘంలో నూలు లేకనా? దీనికి నువ్వు చెప్పే కారణమే థియరీ. సటన్, స్టా అనే ఇద్దరు మేనేజ్‌మెంట్ పరిశోధకులు 1995లోనే తేల్చారు: రిఫరెన్సులు, డేటా, వేరియబుల్స్ జాబితా, బొమ్మలు, హైపోథీసిస్‌లు (పరీక్షించాల్సిన ఊహలు), ఇవేవీ థియరీ కావని. మన దగ్గర చాలా థీసిస్‌లు ఆ ఐదింటితోనే గట్టెక్కుతాయి, అది వేరే సంగతి.

పద్ధతి ఎంచుకునే ముందు ఆ విషయం గురించి ఇప్పటికే ఎంత తెలుసో చూడు. బాగా నలిగిన విషయమైతే సర్వే, కొత్తదైతే ఇంటర్వ్యూలు, పరిశీలన. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ తర్వాత బేరమాడే బలం ఎవరికి పెరిగిందో చెప్పే పేపర్ నీ లిటరేచర్ రివ్యూలో ఒక్కటీ లేదు. అలాంటప్పుడు కొన్ని సంఘాలనే లోతుగా చూసే కేస్ స్టడీయే నయం. కేస్ స్టడీ పద్ధతి మీద రాసిన ఐజెన్‌హార్ట్ 1989లో నాలుగు నుంచి పది కేసులు చాలన్నారు. వాటిని లాటరీ తీసినట్టు తీయకు. బాగా నడిచే సంఘం ఒకటి, గోడ మీద పేరు బోర్డు మాత్రమే మిగిలింది ఒకటి ఉండాలి, తేడా అక్కడే తెలుస్తుంది.

అభిప్రాయాలు అడగకు. పోయిన వారం నూలు ఎవరిచ్చారు, పైసలు ఎప్పుడు చేతికొచ్చాయి అని అడుగు. విన్నది ఆ రాత్రే రాసుకో. నీ ఊహకు అడ్డం తిరిగే మనిషి దొరికితే మళ్లీ వెళ్లి కలువు, థియరీ పదునెక్కేది అక్కడే.

శాంపిల్ చిన్నదని గైడ్ అంటారు. వాదించకు, సర్వే రెండో దశలో చేస్తానని చెప్పు. ఈలోగా ఆ ‘ఎందుకు’ మీద ఒక పేజీ రాసి పంపు, ఫారాలు మళ్లీ ప్రింట్ చేయించకు.