బావిలో డీజిల్, అవ్వ దిండు

నీటి మీద తేలే నూనె తీయడానికి ఏది మేలు, ఆన్‌లైన్లో దొరికే తెల్ల ప్యాడ్లు కొనచ్చా అని కదా అడిగారు. కొనకండి. ముందు ఊళ్లో బూరుగు దూది ఎవరి దగ్గరుందో కనుక్కోండి.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా బావిలో ఐదు లీటర్ల డీజిల్ ఒలకబోశాను. పొలానికి కరెంటు రాని రోజులు. ఎండాకాలం నీళ్లు కిందికి పోయేకొద్దీ ఆయిల్ ఇంజన్ని బావి లోపలి గట్టు మీదికి దించేవాళ్లు. ఆ గట్టు మీద మూత తీసిన క్యాన్ పెట్టి, పైనుంచి ఎవరో పిలిస్తే తిరిగాను. మోచెయ్యి తగిలింది. చూస్తుండగానే బావంతా రంగురంగుల తెట్టు.

నాన్న ముందు వరిగడ్డి వేశాడు. అది డీజిల్ కంటే నీళ్లే ఎక్కువ తాగింది. పక్క పొలం మామ సబ్బు పొడి చల్లమన్నాడు. ఈ సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు! సబ్బు వేస్తే నూనె ఎక్కడికీ పోదండీ, సన్న బొట్లుగా విడిపోయి నీళ్లలో కలుస్తుంది, ఇక తీయడం ఎవరి తరమూ కాదు. మెడికల్ షాపు దూది తెస్తే నీళ్లు పీల్చి బుడుంగున మునిగింది.

అవ్వ ఇంట్లోకెళ్లి తన బూరుగు దూది దిండు తెచ్చి కత్తిపీటతో కోసింది. దూది ఎగిరి అందరి ముక్కుల్లో దూరుతుంటే పాత దోమతెరలో కుక్కి, తాడు కట్టి, ఈ అంచు నుంచి ఆ అంచుకు లాగాం. పైకి తీసి పిండితే కారింది డీజిలే. మళ్లీ వేశాం, మళ్లీ పిండాం. పొద్దుగూకేసరికి వాసన మిగిలింది గానీ తెట్టు లేదు.

బూరుగు పోగు లోపల బోలు, పైన మైనం పూత. అందుకే నీటిని రానివ్వదు, నూనెను లాక్కుంటుంది. ఒకప్పుడు లైఫ్ జాకెట్లలో కుక్కింది దీన్నే. పత్తికీ పుట్టుకతో మైనం ఉంటుంది, మెడికల్ షాపు దూదికి దాన్ని తీసేసి అమ్ముతారు. మీ ప్యాడ్లు పాలీప్రొపిలీన్. పనిచేస్తాయి, కాదనను. వాడాక ఆ ప్లాస్టిక్ ఎక్కడ పారేస్తారు? మొన్న బూరుగు దిండు కావాలంటే షాపబ్బాయి నన్ను ఎగాదిగా చూసి ఫోమ్ దిండు చేతిలో పెట్టాడు.

2017 జనవరిలో చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకుని సముద్రంలో నూనె ఒలికినప్పుడు జనం ఆ నల్ల జిడ్డును బకెట్లతో ఎత్తిపోశారు. అంత చిక్కటిదాన్ని దూది పీల్చదని కెమికల్ ఇంజనీరైన మా తమ్ముడి వాదన. చిక్కబడకముందే వేసుంటేనో అంటాను నేను. వాడు ఫోన్ చూసుకుంటాడు.