మారిషస్ ఫ్రెంచి దేశమా, ఇంగ్లీషు దేశమా?

పాప స్కూలు ప్రాజెక్టుకు మారిషస్ తీసుకున్నామని, బ్రిటిష్ వాళ్లు పాలించిన చోట జనం ఫ్రెంచి ఎందుకు మాట్లాడతారో అర్థం కావట్లేదని అడిగారు కదండీ. టెన్షన్ పడకండి. 1715 నుంచి ఆ దీవి ఫ్రెంచివాళ్లది. 1810లో బ్రిటిష్ వాళ్లు గెలుచుకున్నా, అక్కడివాళ్ల చట్టాలు, మతం, ఆచారాల జోలికి పోలేదు. అందుకే ఇప్పటికీ పార్లమెంటులో ఇంగ్లీషు, పత్రికల్లో ఫ్రెంచి, ఇంట్లో క్రియోల్ (ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి భాష).

1968 మార్చి 12న స్వాతంత్ర్యం, 1992లో అదే తేదీన రిపబ్లిక్. మనలాగే అసలు అధికారం ప్రధానిది. భూగోళానికి ఇది చాలు: అగ్నిపర్వతాల వల్ల పుట్టిన దీవి, చుట్టూ పగడపు దిబ్బలు, నడుమ పీఠభూమి.

ప్రాజెక్టులో ఎక్కువ చోటు ఆప్రవాసీ ఘాట్‌కు ఇవ్వమనండి. అది రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఉన్న, వలస కూలీలను దించుకున్న పాత కేంద్రం. 1834 నుంచి చెరకు తోటల కూలీలుగా మనవాళ్లు ఓడ దిగింది ఆ ఊళ్లోనే. ఘాట్ దగ్గర ఆనాటి రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి, వాటి బొమ్మ తప్పకుండా అంటించండి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లినందుకు తెలుగువాళ్లను అక్కడ ‘కోరంగి’లనేవారు. వాళ్ల వారసుల కోసం ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు ఉంది.